అడిగి ముట్టుకుందాం: మన పిల్లల సెంటర్‌లో వాసన నూనెల మర్దన

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, సమాఖ్య నడుపుతున్న ప్రత్యేక పిల్లల సెంటర్ కార్యకర్త చేసిన ప్రసంగం. రికార్డు చేసినది, మాటలు పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)

పొదుపులు, రికవరీలు, స్త్రీనిధి లెక్కలు అన్నీ అయ్యాక నన్ను పిలిచారు. భోజనాల టైం దగ్గరపడింది. వెనక సాంబారు పోపు పెడుతున్నారు, నాకూ వాసన వస్తోంది. మంచిదే, నేను వచ్చింది వాసన గురించి మాట్లాడటానికే.

పోయిన సంవత్సరం మన సెంటర్‌లో కొత్తగా మొదలుపెట్టిన పని నూనె మర్దన. ఇంగ్లీషు పేరు అరోమాథెరపీ మసాజ్. ఫ్రాన్స్‌లో గాట్‌ఫోసే అనే రసాయన శాస్త్రవేత్త 1937లో ఆ పేరుతో పుస్తకం రాశారు. పువ్వులు, ఆకులు, వేర్ల నుంచి బట్టీ పట్టి తీసిన నూనెను, అంటే ఆవిరి పట్టించి దించిన నూనెను, మామూలు నూనెలో చుక్కలుగా కలిపి ఒంటికి రాయడం. అంతే. పేరు విని భయపడకండి. పురిటి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నువ్వుల నూనె రాసి, శెనగపిండితో నలిచి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసిన చేతులు ఇక్కడ ఎన్ని ఉన్నాయో చూడండి. మర్దన మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించే చెప్తాను.

ముందు ఒక మాట. మన సెంటర్‌కి వచ్చే పిల్లల్ని ఊళ్ళో ఏమని పిలుస్తారో మీకు తెలుసు. ఆ మాటలు ఈ మైకులో అనను. కాగితాల మీద బుద్ధిమాంద్యం అనీ, ఇప్పుడు మేధో వైకల్యం అనీ రాస్తున్నారు. సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థకి కూడా మొదట మెంటల్లీ హ్యాండీక్యాప్డ్ అనే పేరే ఉండేది, తర్వాత మార్చారు. పేరేదైనా, నేర్చుకోవడం నెమ్మదిగా జరిగే మనుషులు వాళ్ళు. నెమ్మదిగా అన్నాను, జరగదు అనలేదు. కొందరికి మాట రాదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. మేధో వైకల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి మూర్ఛ ఉంటుందని చెప్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ పని ఎందుకు మొదలుపెట్టామో చెప్తా. ఒక రోజు తల్లులందరినీ కూర్చోబెట్టి అడిగాను: నిన్న పొద్దున్నించి రాత్రి వరకు మీ బిడ్డని ఎన్నిసార్లు ముట్టుకున్నారు, ఎందుకు ముట్టుకున్నారు? ఒకావిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ముడ్డి కడగడానికి, పళ్ళు తోమడానికి, అన్నం పెట్టడానికి, బట్టలు మార్చడానికి, రోడ్డు మీదికి పోకుండా లాగడానికి, ఒకసారి కొట్టడానికి. అని ఆగిపోయింది. కాసేపయ్యాక, "ఊరికే ముట్టుకుని చాలా ఏళ్ళయిందండీ, వాడికి మీసాలొచ్చాయి కదా" అంది. ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. మామూలు బిడ్డ అయితే ఏడేళ్ళకి తానే వచ్చి మెడ చుట్టూ చేతులేస్తాడు. ఈ బిడ్డ రాడు, మనం పోము. పనికోసం ముట్టుకోవడం ఒకటి, మనిషి కోసం ముట్టుకోవడం ఒకటి. ఈ రెండోది మళ్ళీ తేవడానికే మర్దన.

ఇప్పుడు నిజం కూడా చెప్పాలి. దీనివల్ల తెలివి పెరగదు. మాట రానివాళ్ళకి మాట రాదు. ఫిట్స్ తగ్గవు. బ్రిటన్‌లో 1990ల నుంచి ఇలాంటి డే సెంటర్లలో ఈ పని చేస్తున్నారు. హెలెన్ శాండర్సన్, జేన్ హారిసన్, షర్లీ ప్రైస్ అనే ముగ్గురు 1991లోనే దీని మీద పుస్తకం రాశారు. అయినా ఇప్పటికీ ఉన్న పరిశోధనలు చిన్నవి, ఒక్కోదాంట్లో ఉన్నది కొద్దిమందే. కాసేపు ఒళ్ళు వదులవడం, కుదురుగా కూర్చోవడం, చేసేవాళ్ళకీ చేయించుకునేవాళ్ళకీ మధ్య చనువు పెరగడం, ఇవి మేమూ చూశాం. అంతకుమించి ఎవరైనా చెప్తే నమ్మకండి. మన మండలంలోనే ఒక తల్లి, మెదడు నరాలు తెరుచుకుంటాయని ఎవరో చెప్తే, రెండు సీసాలకి గొలుసు తాకట్టు పెట్టింది. అమ్మినవాళ్ళ పేరు చెప్పను. ఆ డబ్బు కంటే నాకు బాధ కలిగించింది ఇంకొకటి. నూనె పనిచేస్తోందని ఫిట్స్ బిళ్ళలు ఆపేసింది. ఫిట్స్ బిళ్ళలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వరసగా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఆ పిల్లాడు బతికాడు. మూర్ఛ, ఫిట్స్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి కరపత్రం మీ ఊళ్ళో కనిపిస్తే పారేయకండి, వి.ఓ. మీటింగ్‌లో పెట్టండి.

నేను వేరేవాళ్ళని అంటున్నాను గానీ, నా తప్పు కూడా ఉంది. అది కూడా ఈ రిపోర్టులో రాయమన్నాను.

మొదలుపెట్టిన కొత్తలో పదేళ్ళ బాబుకి జలుబు చేసింది. మా అమ్మ చేసినట్టే నేనూ కొబ్బరి నూనె గోరువెచ్చగా కాచి, కర్పూరం వేసి కరిగించి, ఛాతీకి, వీపుకి, గొంతుకి బాగా రాశాను. బాబుకి ఫిట్స్ ఉన్నాయని నాకు తెలుసు. అరగంటకి ఫిట్ వచ్చింది. 108 లో పి.హెచ్.సి.కి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ముక్కు దగ్గరికి బాబు చొక్కా తీసుకుని, "ఏం రాశారు?" అని అడిగింది. కర్పూరం చర్మం గుండా లోపలికి పోతుందట, ఫిట్స్ ఉన్నవాళ్ళకి అది ఫిట్స్ తెప్పించగలదట. ఆ ముందు రోజు రాత్రి బిళ్ళ కూడా వేయలేదని తర్వాత తెలిసింది, కాబట్టి ఏది కారణమో ఖాయంగా చెప్పలేనంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ నలుగురిని పెంచిన కర్పూరం నూనె అది. మా నలుగురికీ ఫిట్స్ లేవు, తేడా అంతే.

అప్పటి నుంచి మా సెంటర్‌లో కర్పూరం లేదు, నీలగిరి తైలం లేదు, రోజ్‌మేరీ లేదు. తలనొప్పికి రాసుకునే బామ్‌లు చాలావాటిలో కర్పూరం, నీలగిరి తైలం రెండూ ఉంటాయి. డబ్బా మీద చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. ఇంట్లో ఫిట్స్ ఉన్న బిడ్డ ఉంటే అవి పై అరలో పెట్టండి, నోట్లో పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. పనిలో పని ఇదీ చెప్తా: ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి, నీళ్ళు పోయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108.

ఇక నూనెల సంగతి. ఎక్కువ ఖర్చు అవసరం లేదు. మా దగ్గర అసలు నూనె నువ్వులదే, ఎండాకాలం కొబ్బరిది. పది మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు తీసుకుంటే అందులో వాసన నూనె రెండు చుక్కలు. కొత్తవాళ్ళకి ఒక్క చుక్క. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం కూరలో ఉప్పు ఎక్కువ వేసినట్టే. వాసన నూనె నేరుగా చర్మం మీద వేయకూడదు, ఎప్పుడూ. నీళ్ళలో వేస్తే కలవదు, పైన తేలి అదే చురుక్కుమనిపిస్తుంది. లావెండర్ చర్మానికి సాధువైనదని ముందు అది వాడాం. ఇక్కడ పండదు, జమ్ము వైపు పండిస్తున్నారు. నిమ్మగడ్డి నూనె మన దగ్గరే దొరుకుతుంది, వాసనా బాగుంటుంది, కానీ చర్మానికి ఘాటు. అందుకని దాన్ని ఒంటికి రాయకుండా గదిలో దూది మీద చుక్క వేసి పెడతాం. నిమ్మ తొక్క నుంచి పిండిన నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం మాడినట్టవుతుంది, జాగ్రత్త. మార్కెట్లో చవకగా దొరికే సెంటు వేరు, ఈ నూనె వేరు. సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి, మీద మొక్క పేరు ఉండాలి. ముందు మోచేతి లోపలి వైపు కలిపిన నూనె కొంచెం రాసి ఒక రోజు చూస్తాం. మనకైతే దురద పెడితే చెప్తాం. వాళ్ళు చెప్పలేరు, ఆ రాత్రంతా గోక్కుంటారు, లేకపోతే తల గోడకి కొట్టుకుంటారు, మనమేమో మొండితనం అనుకుంటాం.

కొందరికి అసలు వాసనే పడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు మన జడలో మల్లెపూలు ఉంటే కూడా దగ్గరికి రారు. వాళ్ళకి ఉత్త నూనె, అదీ ఇష్టపడితేనే. నేను సెంటర్‌కి పూలు పెట్టుకెళ్ళడం మానేశాను. మా ఆయన అడిగాడు, ఎందుకని.

మర్దన ఎలా చేయాలో మీకు చెప్పను, ఏది చేయకూడదో చెప్తా. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి. మెడ తిప్పడం, లాగడం, మెటికలు విరవడం అసలు చేయొద్దు. చాలామందికి గుండెలో లోపం ఉంటుంది, డాక్టర్ని అడగాలి. బిగుసుకున్న చేతులు, కాళ్ళు ఉన్న పిల్లలకి బలంగా లాగి సాగదీస్తే ఇంకా బిగుస్తాయి. నెమ్మదిగా, వెచ్చని చేత్తో, ఫిజియో చెప్పినంత వరకే. నడవని పిల్లలకి, ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులు వాడేవాళ్ళకి ఎముకలు పెళుసుగా ఉంటాయి. పసిబిడ్డకి తొక్కినట్టు తొక్కితే విరుగుతాయి. మన పెద్దమ్మలు ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దీనికోసమే మైకు అడిగాను.

కెనడాలో మెకిన్నస్, ట్రెఫ్రీ అనే ఇద్దరు, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలతో పనిచేసి 1982లో ఒక పుస్తకం రాశారు. కొత్త పని ఏదైనా ఆ పిల్లలు ఎనిమిది మెట్లుగా దగ్గరికి తీసుకుంటారని అందులో ఉంది. మొదట ఎదిరిస్తారు. తర్వాత ఓర్చుకుంటారు. తర్వాత ఊరుకుని చేయనిస్తారు. తర్వాత ఇష్టపడతారు, తర్వాత తామూ కలుస్తారు. ఆ తర్వాత మన చెయ్యి పట్టి ఇక్కడ రాయమని దారి చూపిస్తారు, మనం చేసినట్టు చేస్తారు, చివరికి తామే మొదలుపెడతారు. బ్రిటన్ వాళ్ళు మర్దనకి దీన్నే వాడుకున్నారు. మాకు ట్రైనింగ్‌లో ఇది చెప్పినప్పుడు రాసుకున్నాను గానీ, అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది.

ఎందుకంటే మనకి మూడో మెట్టు చాలా నచ్చుతుంది. బిడ్డ కదలకుండా పడుకుంటాడు, మన పని మనం చేసుకుంటాం, చూసేవాళ్ళు భలే అలవాటు చేశారే అంటారు. ఫోటో కూడా బాగా వస్తుంది. ఒక పదహారేళ్ళ అమ్మాయి ఉంది మా దగ్గర. మాట లేదు. ఏం చేసినా ఊరుకుంటుంది. నేను అందరికీ ఆ అమ్మాయినే చూపించేదాన్ని, చూడండి ఎంత బాగా చేయించుకుంటుందో అని. ఒకసారి వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి అంది, "మీరు మెచ్చుకుంటున్నారు, నాకు అదే భయం. ఇది ఎవరు పట్టుకున్నా ఊరుకుంటుంది. నేను పొలం పోయినప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే?"

నా చేతులకి నూనె ఉంది. అలాగే నిలబడిపోయాను. ఆ తల్లి చెప్పింది నిజం. ముట్టుకుంటే ఊరుకోవడం మంచి అలవాటని ఆ పిల్లకి మనమే నేర్పుతున్నాం. పుట్టినప్పటి నుంచి డాక్టర్లు, ఫిజియోలు, సర్టిఫికెట్ క్యాంపులవాళ్ళు, మేము, అందరం అడక్కుండా పట్టుకున్నాం. వద్దు అనడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. అలాంటి పిల్లల మీద లైంగిక నేరాలు జరిగితే 2012 పోక్సో చట్టంలో శిక్ష ఇంకా ఎక్కువ. చట్టం ఉంది, నిజమే. కానీ అది జరిగిపోయాక కదా.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఇప్పుడు ఏం చేస్తామంటే, ఎవరికి మర్దనో వాళ్ళ ముందు కూర్చుంటాం, వెనక నుంచి ముట్టుకోం. వాళ్ళ సొంత టవలు చూపిస్తాం. వాళ్ళ సీసా మూత తీసి దూరం నుంచి వాసన చూపిస్తాం. ఒక్కొక్కరికి ఒక్కటే వాసన, ఎప్పుడూ అదే, దాంతో మాట లేనివాళ్ళకి కూడా ఇప్పుడు ఏం జరగబోతోందో తెలుస్తుంది. మా సెంటర్‌లో వాసన చేసే అసలు పని ఇదే అని నా అభిప్రాయం, మిగతా గుణాలు ఎన్ని చెప్పినా సరే. తర్వాత మన అరచెయ్యి చాపి ఆగుతాం. ఎంతసేపు? మనసులో పది లెక్కపెట్టేంత. మాకు అది చాలా కష్టంగా ఉండేది, ఊరికే కూర్చోవడం మనకి రాదు. వాళ్ళు చెయ్యి ఇస్తే, ఒరిగితే, చూస్తే, సరే. మొహం తిప్పినా, వేళ్ళు ముడిచినా, ఊపిరి బిగపట్టినా, వద్దని. వద్దంటే సీసా మూత పెట్టేస్తాం. బతిమాలం, ఇంకొక్కసారి అనం. చేతులు, మోచేతి దాకా, పాదాలు, అంతవరకే. బట్టలు తీయం. తలుపు తెరిచే ఉంటుంది, ఇద్దరం ఉంటాం. ఎదిగిన అబ్బాయిలకి వాళ్ళ నాన్నకో అన్నకో నేర్పుతాం. పదిహేను నిమిషాలు దాటదు.

ఆ అమ్మాయి విషయం చెప్పాలి. మొదటి రెండు నెలలు ఆ అరచెయ్యి ఎందుకో అర్థం కానట్టు చూసేది. చెయ్యి ఇచ్చేది కాదు, తీసేది కాదు. మేం ఏమీ చేయకుండా మూత పెట్టేసేవాళ్ళం. వాళ్ళమ్మకి కోపం వచ్చింది, సెంటర్‌కి ఊరికే తీసుకొస్తున్నానా అని. మూడో నెలలో కాబోలు, చెయ్యి పెట్టింది. రాస్తున్నాం. కాసేపటికి ఇంక చాలన్నట్టు నా చెయ్యి తోసేసింది. గట్టిగానే తోసింది, నూనె గిన్నె ఒలికింది నా చీర మీద. నేనూ వాళ్ళమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాళ్ళమ్మ ఏడ్చింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ చీర మరక పోలేదు, పోకపోయినా పర్లేదు.

మీలో కొందరు పొద్దున్న నన్ను అడిగారు, ఈ నూనెలు మన సంఘాలు తయారుచేసి అమ్ముకోవచ్చా అని. నిమ్మగడ్డి, వట్టివేరు వేయాలనుకునే వాళ్ళకి హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమాప్ వాళ్ళ కేంద్రం ఉంది, అక్కడ అడగొచ్చు. ఒంటికి రాసుకునేది తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు తెచ్చుకుని స్నానానికి ముందు రాసుకునే నూనె అని అమ్మండి, నేనే కొంటాను. ప్రత్యేక పిల్లలకి మందు అని సీసా మీద రాస్తే మాత్రం నేనే వచ్చి గొడవపెడతాను, మన సంఘం అని చూడను. ఆ తల్లులు ఏది చెప్పినా కొంటారు. గొలుసు తాకట్టు పెట్టి కొంటారు. అందుకే అమ్మకూడదు.

ఒక్క ఖర్చు మాత్రం సమాఖ్యని అడుగుతున్నాను. నెలకి ఒక పూట తల్లుల కోసం ఇవ్వండి. ఇరవై ఏళ్ళ కొడుకుని రోజూ మంచం మీద నుంచి ఎత్తే ఆడవాళ్ళ నడుములు ఎలా ఉంటాయో మీరే ఆలోచించండి. వాళ్ళ భుజాలకి నూనె రాసేవాళ్ళు ఎవరూ లేరు. పోయిన సంక్రాంతి ముందు ఒకసారి మేమే చేశాం, ఒకరికొకరు. రాస్తుంటే ఒకావిడ కూర్చున్న చోటే నిద్రపోయింది. ఆమె కొడుకు, ఆ మీసాలొచ్చిన అబ్బాయే, మొదట్లో నన్ను మూడుసార్లు కొట్టినవాడు, వచ్చి పక్కన కూర్చున్నాడు. నా గిన్నెలో రెండు వేళ్ళు ముంచి, వాళ్ళమ్మ మోచేతికి రాశాడు. ఒకే చోట, అటూ ఇటూ. ఆమెకి తెలియలేదు, లేచాక మేం చెప్పాం.

సెంటర్ వారంలో ఆరు రోజులు ఉంటుంది, మర్దన మాత్రం మంగళవారం, శుక్రవారం. కొత్తగా రావాలనుకునేవాళ్ళు పాత టవలు ఒకటి, బిడ్డ వాడుతున్న మందుల చీటీ తీసుకురండి. చీటీ లేకపోతే మందుల ఖాళీ అట్టలైనా సరే. నూనె మా దగ్గర ఉంది.

భోజనాలకి పదండి.